ఎగుమతికి ఒక చట్టం, ఇంటికి ఒక చట్టం వద్దు: జాతీయ ఆహార భద్రతా విధానం ఎలా కట్టాలి

మీరు అడిగినదాన్ని కుదించి చెప్పుకుంటే ఇదీ సంగతి. మీ దేశపు సరుకును విదేశీ రేవుల్లో తిప్పిపంపడం ఎక్కువైంది. ప్రభుత్వం జాతీయ ఆహార భద్రతా విధానం రాయమంది, అంటే తినే తిండి హాని చేయకుండా చూసే విధానం. ఆ ముసాయిదా బృందంలో మీరున్నారు. ముందు ఎగుమతి తనిఖీలకు గట్టి వ్యవస్థ పెట్టేసి, దేశంలోపలి సంగతి తర్వాత చూసుకోవచ్చా? అన్నిటినీ ఒకే సంస్థ కిందికి తేవాలా? డబ్బు తక్కువున్నప్పుడు మొదట దేనిమీద ఖర్చుపెట్టాలి? ప్రయోగశాలల్లోనూ ఇలాంటి కమిటీల్లోనూ చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి నాకు తెలిసింది వివరంగా చెప్తాను.

మొదటి ప్రశ్నకు నా జవాబు: వద్దు. ఎగుమతికి ఒక వ్యవస్థ, ఇంట్లోవాళ్లకు ఒక వ్యవస్థ అనే ఏర్పాటు కాగితం మీద చవగ్గా, తొందరగా తేలిపోయేలా కనిపిస్తుంది. అందుకే చాలా దేశాలు ఆ దారి పట్టాయి. కానీ సరుకులో దోషం ఎక్కడ చేరుతుందో చూడండి. పురుగుమందు అవశేషం పొలంలో చేరుతుంది. యాంటీబయాటిక్ చెరువులోనో కోళ్ల షెడ్డులోనో చేరుతుంది. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పంట ఎండకు మాడినప్పుడు, కోశాక సరిగ్గా ఆరబెట్టనప్పుడు పుడుతుంది. ఇవేవీ ఫ్యాక్టరీ గేటు దగ్గర కడిగితే పోయేవి కావు. ఎగుమతి యూనిట్ ఎంత శుభ్రంగా ఉన్నా దానికి సరుకిచ్చే పొలం, అది వాడే నీళ్లు, ఐసు, లారీ అన్నీ మిగతా దేశానివే.

పరీక్షలో తప్పిన సరుకు ఎక్కడికి పోతుందన్నది ఇంకో ప్రశ్న. ఎగుమతి చట్టం దాన్ని ఓడెక్కనివ్వదు, అంతవరకే దాని పని. దేశంలోపల అమ్మకూడదని చెప్పే చట్టం గానీ, చూసే మనిషి గానీ లేకపోతే ఆ సరుకు ధర తగ్గించుకుని సొంత జనం పళ్లాల్లోకే వస్తుంది. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే విషయం. విదేశీ కొనుగోలుదారు వద్దన్నది మన పిల్లలకు పెట్టే ఏర్పాటును విధానం అని ఎలా అంటాం? 2004లో కెన్యా తూర్పు ప్రాంతంలో అఫ్లాటాక్సిన్ పట్టిన మొక్కజొన్న తిని 317 మంది జబ్బుపడ్డారు, 125 మంది చనిపోయారు. అది ఎక్కువగా తమ ఊళ్లలో పండించుకుని, తమ ఇళ్లలో దాచుకున్న గింజ. ఎగుమతి తనిఖీ వ్యవస్థ ఎంత గొప్పదైనా ఆ గింజ దాని కంటపడదు.

మరొకటి, దిగుమతి చేసుకునే దేశం చూసేది మీరు పంపిన పెట్టెల్ని మాత్రమే కాదు. ఆ పెట్టెలకు హామీ ఇస్తూ సంతకం పెట్టిన మీ అధికార సంస్థకు అసలు పట్టుందా లేదా అని చూస్తుంది. విక్టోరియా సరస్సు కథ దీనికి మంచి ఉదాహరణ. కెన్యా, ఉగాండా, టాంజానియాల నుంచి నైల్ పెర్చ్ చేప ఐరోపాకు వెళ్లేది. 1997లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా దొరికిందని ఆంక్షలు పెట్టారు, తర్వాత కలరా వచ్చిందని పెట్టారు, 1999లో పురుగుమందు చల్లి చేపలు పడుతున్నారన్న వార్తలతో మళ్లీ పెట్టారు. మూడు సార్లు మూడు కారణాలు. అసలు లోపం మాత్రం ఒకటే: ఏ దేశంలోనూ పడవ దిగిన చోటు నుంచి విమానం ఎక్కేదాకా నాది బాధ్యత అని చెప్పగల సంస్థ లేదు. ఉగాండా ఏం చేసిందంటే, మత్స్య శాఖను ఏకైక బాధ్యత గల అధికార సంస్థగా నిలబెట్టింది, తనిఖీ పద్ధతులు రాతపూర్వకం చేసింది, చేపలు దించే రేవుల్ని బాగుచేయడం మొదలుపెట్టింది. దారి తెరుచుకుంది అలాగే.

విదేశీ తనిఖీ బృందం వచ్చినప్పుడు ఏం చేస్తుందో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. వాళ్లు కోల్డ్ స్టోరేజీలో ఒక పెట్టె మీదున్న నంబరు రాసుకుంటారు. ఈ సరుకు ఏ రోజు ప్యాకైంది, ఏ బ్యాచ్, ఏ చెరువు, ఆ చెరువుకు మేత ఎవరిచ్చారు, ఏ మందు ఎప్పుడు వాడారు అని వెనక్కి అడుగుతూ పోతారు. తర్వాత థర్మామీటర్‌ను చివరిసారి ఎప్పుడు సరిచూశారని అడుగుతారు. ఆ తర్వాత మీ ఇన్‌స్పెక్టర్‌ను పక్కకు పిలిచి, మీరు ఈ యూనిట్‌ను ఎప్పుడైనా ఆపించారా, ఆపిస్తే ఆ కాగితం చూపించండి అంటారు. ఆ కాగితం లేని దేశంలో మిగతా ఫైళ్లు ఎంత లావుగా ఉన్నా పెద్దగా పనికిరావు.

ఇక ఆర్థిక శాఖవాళ్లు ఎగుమతి నష్టం అంటే వెంటనే వింటారు, జనారోగ్యం అంటే ఏదో ఖర్చు పద్దులా చూస్తారు. వాళ్ల ముందు పెట్టడానికి రెండు అంకెలు దగ్గరుంచుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన అంచనా ప్రకారం కలుషితాహారం వల్ల ఏటా 60 కోట్ల మంది జబ్బుపడుతున్నారు, 4,20,000 మంది చనిపోతున్నారు. అందులో 1,25,000 మంది అయిదేళ్లలోపు పిల్లలు. ప్రపంచ బ్యాంకు 2018 నివేదిక, అల్ప, మధ్య ఆదాయ దేశాలకు దీనివల్ల ఏటా 11,000 కోట్ల డాలర్ల నష్టమని లెక్కగట్టింది. అందులో చాలా భాగం పనిచేయలేక పోగొట్టుకున్న ఉత్పత్తి, మిగతాది వైద్యం ఖర్చు. తిప్పిపంపిన సరుకు నష్టం ఈ మొత్తంలో లేదు, దీని పక్కన పెడితే అది చాలా చిన్నది కూడా. ఎగుమతి కోసమే పెట్టుబడి పెడితే చిన్న నష్టం దగ్గర కాపలా కాసి పెద్ద నష్టాన్ని వదిలేసినట్టవుతుంది.

అందుకే మొదట దేనిమీద ఖర్చుపెట్టాలి అన్నదానికి నా సలహా చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఖరీదైన పరికరాల కన్నా ముందు రోగ నిఘా మీద పెట్టండి. ఎవరు, ఎక్కడ, దేనివల్ల జబ్బుపడుతున్నారో తెలియని దేశం దేన్ని ఆపాలో కూడా తెలుసుకోలేదు.

దక్షిణాఫ్రికాలో 2017లో లిస్టీరియా అనే బ్యాక్టీరియా జబ్బు వ్యాపించడం మొదలయ్యేసరికి అది తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలోనే లేదు. నవజాత శిశువుల్లో కేసులు పెరుగుతున్నాయని ఆసుపత్రుల డాక్టర్లు గమనించి చెప్పారు. జాబితాలో చేర్చింది ఆ ఏడాది డిసెంబరులో. 2018 జనవరిలో సోవెటోలోని ఒక శిశు సంరక్షణ కేంద్రం పిల్లలు కొందరు విరేచనాలతో ఆసుపత్రికి వచ్చారు. వాళ్లు ఏం తిన్నారని ఆరా తీస్తే ఆ కేంద్రం ఫ్రిజ్‌లో పోలోనీ దొరికింది. అది వండి, చల్లార్చి అమ్మే మాంసపు పదార్థం, అలాగే కోసుకుని తింటారు. దాన్నుంచి జాడ పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లారు. అక్కడ దొరికిన లిస్టీరియా, రోగుల్లో ఎక్కువమందిలో ఉన్న రకం ఒకటేనని జన్యుక్రమ పరీక్షలో తేలింది. అప్పటికి ఏడాది గడిచింది. మొత్తం 1,060 కేసులు, 216 మరణాలు. కారణం ప్రకటించిన వెంటనే మొజాంబిక్, జాంబియా, నమీబియా వంటి పొరుగు దేశాలు ఆ దిగుమతులు ఆపేశాయి. ఆరోగ్యం, ఎగుమతి ఒకే రోజున, ఒకే కారణంతో దెబ్బతిన్నాయి. ఆ జబ్బు మొదటి నుంచీ జాబితాలో ఉండి, ప్రతి కేసులోనూ రోగిని ఏం తిన్నారని అడిగే పద్ధతి ఉండి ఉంటే ఎన్ని నెలలు కలిసొచ్చేవో ఆలోచించండి. దానికయ్యే ఖర్చు కూడా పెద్దదేం కాదు: ఒక జాబితా, ఒక ప్రశ్నావళి, శిక్షణ పొందిన కొద్దిమంది, రోగుల నమూనాల్నీ ఆహారం నమూనాల్నీ ఒకే పద్ధతిలో పరీక్షించే ఒక ప్రయోగశాల.

నిఘా తర్వాతే ప్రయోగశాలలు. ప్రతి జిల్లాకు ఒకటి అని ముసాయిదాలో రాయాలని రాజకీయ ఒత్తిడి వస్తుంది. ఒప్పుకోకండి. ఐఎస్ఓ 17025 (ప్రయోగశాలల సామర్థ్యానికి అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఉన్న రెండు మూడు మంచి ప్రయోగశాలలు, వాటికి నమూనాలు చల్లగా చేర్చే రవాణా, ఇవి ఎక్కువ పనిచేస్తాయి. పరికరం కొన్న ఏడాదికి దానికి కావాల్సిన గ్యాసు, రసాయనాలు, ప్రామాణిక పదార్థాలు, మరమ్మతు ఒప్పందం లేక కవరు కప్పి పక్కన పెట్టడం నేను చాలాచోట్ల చూశాను. పరికరం కొనే ప్రతి పద్దులోనూ అయిదేళ్ల నిర్వహణ ఖర్చు కలిపి రాయించండి. లేకపోతే కొనుగోలే వద్దనండి.

పరీక్ష కన్నా నమూనా తీయడం ముఖ్యం, దీన్ని ఎవరూ పట్టించుకోరు. వేరుశనగలో అఫ్లాటాక్సిన్‌నే తీసుకోండి. విషం అన్ని గింజల్లో సమంగా ఉండదు. వేల గింజల్లో ఏ ఒక్కదాన్లోనో విపరీతంగా ఉంటుంది, చుట్టుపక్కల గింజలు శుభ్రంగా ఉంటాయి. పై బస్తాలోంచి పిడికెడు తీసి పరీక్షిస్తే ఆ గింజ దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఐరోపా సంఘం పద్ధతిలో పెద్ద లాట్ (ఒకే విడత సరుకు) అయితే దాదాపు 100 చోట్ల నుంచి తీసి, కలిపితే 20 కిలోల దాకా అయ్యే నమూనా చేసి, దాన్ని బాగా నూరి అందులోంచి పరీక్షిస్తారు. మీ రేవులో కిలో నమూనాతో పాసైన లాట్ వాళ్ల రేవులో 20 కిలోల నమూనాతో తప్పితే మోసం జరిగిందని ఎవరూ అనక్కర్లేదు, లెక్కే అలా ఉంటుంది. ఇన్‌స్పెక్టర్లకు నమూనా తీయడం నేర్పే శిక్షణ, ఆ బస్తాలు దించడానికి కూలీల ఖర్చు, ఈ రెండూ ముసాయిదాలో కనబడాలి. తిరస్కరణలు తగ్గించడానికి ఇంతకన్నా చౌకైన మార్గం నాకు తెలియదు.

ప్రమాణాల సంగతి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ), ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో) కలిసి 1963లో పెట్టిన కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్ని పునాదిగా తీసుకోండి. 1995లో అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) ఎస్‌పీఎస్ ఒప్పందం (ఆహార భద్రత, పశువుల, మొక్కల ఆరోగ్యం పేరుతో పెట్టే వాణిజ్య నిబంధనల గురించినది) ప్రకారం కోడెక్స్‌కు అనుగుణంగా ఉన్న నిబంధనను శాస్త్రబద్ధమైనదిగానే భావిస్తారు. అంతకన్నా కఠినంగా పెట్టాలంటే ప్రమాద అంచనా చూపించాలి. హార్మోన్లు వాడిన గొడ్డు మాంసాన్ని నిషేధించిన ఐరోపా సంఘమే 1998లో ఈ అంచనా సరిగ్గా చూపలేక డబ్ల్యూటీఓ వివాదంలో ఓడిపోయింది. అయితే కొనుగోలు దేశాలు తమ గడ్డ మీద కోడెక్స్ కన్నా కఠినంగా ఉండొచ్చు. తినే ముందు ఇంకా శుద్ధి చేయాల్సిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్‌కు కోడెక్స్ పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు, నేరుగా తినేదానికి ఐరోపా పరిమితి 4. అలాగని ఐరోపా అంకెల్నే తెచ్చి దేశమంతటికీ చట్టం చేస్తే అమలు కాని చట్టం మిగులుతుంది. అమలు కాని చట్టం ఇన్‌స్పెక్టర్ చేతిలో లంచానికి సాధనమవుతుంది. ఇంటి ప్రమాణం జనారోగ్యాన్ని కాపాడేలా ఉండాలి, నిజంగా అమలు కావాలి. దానిపైన ఏ మార్కెట్ కావాలంటే ఆ మార్కెట్ అదనపు షరతును ఎగుమతిదారు నెరవేర్చాలి. తనిఖీ వ్యవస్థ మాత్రం ఒకటే.

మరో మాట: కోడెక్స్ కమిటీలకు మీ దేశపు కొలతలు పంపండి. ఏ పంటలో ఏ విషం ఎంతుందో మీరు చెప్పకపోతే, చెప్పిన దేశాల పరిస్థితిని బట్టి పరిమితి ఖాయమవుతుంది. ఆ తర్వాత మీరు ఎంత మొత్తుకున్నా ప్రయోజనం ఉండదు. అలాగే డబ్ల్యూటీఓ విచారణ కేంద్రాన్ని, అంటే ఇతర దేశాలతో నిబంధనల సమాచారం ఇచ్చిపుచ్చుకునే మీ కార్యాలయాన్ని, ఖాళీ కుర్చీగా ఉంచకండి. ఇతర దేశాలు కొత్త నిబంధన తేబోతున్నామని ముందే తెలియజేస్తాయి, అభిప్రాయం చెప్పడానికి మామూలుగా 60 రోజులు ఇస్తాయి. ఆ నోటీసులు చదివి, సంబంధిత రైతు సంఘాలకూ ఎగుమతిదారులకూ వాళ్ల భాషలో చేరవేసే ఒక మనిషి ఉంటే సరుకు రేవుకు చేరాక తెలిసే చాలా అనర్థాలు ముందే ఆగుతాయి.

ప్రమాణం రాసేటప్పుడు మనం దేన్ని కొలుస్తున్నామో దాన్నే మోసగాడు గురిపెడతాడని గుర్తుంచుకోవాలి. 2008లో చైనా పాలపొడి విషాదం అలాగే జరిగింది. పాలలో ప్రోటీన్‌ను నేరుగా కొలవకుండా నైట్రోజన్‌ను కొలిచి లెక్కగట్టేవారు. పాలలో నీళ్లు కలిపాక నైట్రోజన్ ఎక్కువున్న మెలమిన్ అనే రసాయనం చల్లితే పరీక్షలో ప్రోటీన్ సరిపోయినట్టే వచ్చేది. దాదాపు 3 లక్షల మంది పసిపిల్లలకు మూత్రపిండాల సమస్యలొచ్చాయి, ఆరుగురు చనిపోయారు. చాలా దేశాలు చైనా పాల ఉత్పత్తుల్ని ఆపేశాయి. 2009లో చైనా కొత్త ఆహార భద్రతా చట్టం తెచ్చింది. పరీక్ష పద్ధతి రాసే కమిటీలో రసాయన శాస్త్రవేత్తతో పాటు ఆ వ్యాపారంలో లాభం ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు కూడా ఉండాలి.

ఇప్పుడు ఒకే సంస్థా, పలు శాఖలా అన్న ప్రశ్న. ఎఫ్ఏఓ, డబ్ల్యూహెచ్‌వోలు 2003 మార్గదర్శకాల్లో మూడు నమూనాలు చెప్పాయి: పలు శాఖల వ్యవస్థ, ఏక సంస్థ, పైన సమన్వయ సంస్థ పెట్టి కింద శాఖల్ని అలాగే ఉంచే ఏకీకృత వ్యవస్థ. మీ దేశంలో ఇప్పటికే బలమైన శాఖలు ఉంటే మూడోదే మేలు. అన్నిటినీ ఊడబెరికి ఒక్కటి చేసే పనికి ఏళ్లు పడతాయి, ఆ ఏళ్లలో ఎవరి బాధ్యత ఏమిటో ఎవరికీ తెలియదు. అయితే ఏ నమూనా ఎంచుకున్నా పంట అమ్ముడుపోవాలని చూసే శాఖ చేతిలో ఆ పంట తినొచ్చో లేదో తేల్చే అధికారం పెట్టకూడదు. ఇది బ్రిటన్ చాలా ఖరీదు చెల్లించి నేర్చుకున్న పాఠం. పశువుల్లో బీఎస్ఈ (పిచ్చి ఆవు జబ్బు) ప్రబలుతున్నప్పుడు, 1990లో వ్యవసాయ మంత్రి గొడ్డు మాంసం భేషైనదని చెప్పడానికి కెమెరాల ముందు తన చిన్న కూతురికి బర్గర్ అందించారు. 1996 మార్చిలో ఆ జబ్బు మనుషులకు సోకి ఉండొచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంది. వారంలోనే ఐరోపా సంఘం బ్రిటన్ గొడ్డు మాంసం ఎగుమతుల్ని ప్రపంచమంతటికీ నిషేధించింది. అది పూర్తిగా తొలగడానికి 2006 దాకా పట్టింది. ఆ మానవ రూపపు జబ్బుతో బ్రిటన్‌లో 178 మంది చనిపోయారు. 2000లో అక్కడ వ్యవసాయ శాఖకు వెలుపల ఆహార ప్రమాణాల సంస్థ ఏర్పడింది. 2002లో ఐరోపా సంఘం ప్రమాదాన్ని అంచనావేసే శాస్త్రవేత్తలను వేరే సంస్థగా, నిర్ణయం తీసుకునే పాలకులను వేరేగా పెట్టింది. జపాన్ 2003లో అదే పనిచేసింది. అంచనావేసేవాళ్లు రాసింది రాసినట్టు ప్రచురించాలన్న నిబంధన మీ చట్టంలో ఉంటే, మంత్రి దానికి భిన్నంగా నిర్ణయం తీసుకున్నా కారణం చెప్పాల్సి వస్తుంది.

చట్టంలో తప్పనిసరిగా ఉండాల్సిన ఇంకో వాక్యం: సరుకు సురక్షితంగా ఉండేలా చూసే ప్రథమ బాధ్యత అమ్మేవాడిదే. ఇన్‌స్పెక్టర్ పని ఆ బాధ్యత నెరవేరుతోందా అని చూడటం. ఎవరి దగ్గర కొన్నావు, ఎవరికి అమ్మావు అనే రెండు వివరాలు ప్రతి వ్యాపారీ రాసుకోవాలి. ఒక మెట్టు వెనక్కి, ఒక మెట్టు ముందుకి. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, నోటుపుస్తకం చాలు. చిన్న వ్యాపారుల మీద హాసప్ (హెచ్‌ఏసీసీపీ) అనే ప్రమాద నియంత్రణ పద్ధతి పేరుతో పెద్ద ఫైళ్లు రుద్దకండి. వ్యోమగాముల తిండి కోసం 1960లలో పుట్టిన పద్ధతి అది. ప్రమాదం ఏ దశలో ప్రవేశిస్తుందో ముందే కనిపెట్టి అక్కడ కాపలా పెట్టాలన్న దాని ఆలోచన ఎవరికైనా పనికొస్తుంది, దాని కాగితాలు మాత్రం అందరికీ అక్కర్లేదు. చిన్న తయారీదారుకి శుభ్రమైన నీళ్లు, చేతులు కడిగే చోటు, వండిందీ పచ్చిదీ కలవకపోవడం, చల్లదనం అన్నవి ముందు కావాలి. నీటి సరఫరా ఇవ్వని ప్రభుత్వం శుభ్రత లేదని జరిమానా వేయడం అన్యాయం. నీళ్లు, మురుగు పారుదల, మార్కెట్ షెడ్లు మీ విధానంలో భాగమేనని గట్టిగా వాదించండి.

అత్యవసర ప్రణాళిక విషయంలో ఒక్క మాటే. 2011లో జర్మనీలో ప్రాణాంతక ఈ.కోలై బ్యాక్టీరియా వ్యాపించినప్పుడు తొందరపడి స్పెయిన్ దోసకాయల్ని తప్పుపట్టారు. చివరికి తేలింది మొలకెత్తించిన మెంతులని. 50 మందికి పైగా చనిపోయారు, తప్పు చేయని కూరగాయల రైతులకు ఐరోపా సంఘం 20 కోట్ల యూరోలకు పైగా పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. ఎవరు మాట్లాడాలి, ఎంత రుజువు దొరికాక పేరు చెప్పాలి అన్నది ముందే రాసిపెట్టుకోండి. ఏటా ఒకసారి ఉత్తుత్తి రీకాల్ (అమ్మిన సరుకును వెనక్కి రప్పించే అభ్యాసం) కూడా చేయించండి. ఏదో దుకాణంలోంచి ఒక ప్యాకెట్ తీసి, దాని బ్యాచ్ మొత్తం ఎక్కడెక్కడుందో ఎన్ని గంటల్లో చెప్పగలరో చూడండి.

ముసాయిదా మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. ఐరోపా సంఘం హెచ్చరికల వ్యవస్థలోనూ, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) తిరస్కరణల జాబితాలోనూ మీ దేశం పేరున్న వివరాలన్నీ బహిరంగంగానే దొరుకుతాయి. వాటిని సరుకు వారీగా, కారణం వారీగా విడదీయండి. మామూలుగా కొద్దిపాటి సరుకుల్లో, కొద్దిపాటి దోషాల్లోనే బరువంతా ఉంటుంది. అవే దోషాల కోసం మీ దేశం మార్కెట్లలో ఆ సరుకుల నమూనాలు తీయించండి. ఆ రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి మంత్రిగారికి చూపించండి. ఎగుమతి, ఆరోగ్యం రెండింటికీ ఒకే విధానం ఎందుకని ఆయన అడిగితే జవాబు ఆ పట్టికల్లోనే కనిపిస్తుంది. పట్టికలు తయారయ్యాక ఇక్కడ పెట్టండి, ఏ సరుకుతో మొదలుపెట్టాలో కలిసి చూద్దాం.